మీ సిగ్నల్ వేరే, నా సిగ్నల్ వేరే

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న పంచాయతీ అధ్యక్షులు ఓబులేష్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఫ్యాను కింద కుర్చీ కోసం పెద్దలైనవారికి కూడా నమస్కారాలు. (నవ్వులు) ఈ బడిలోనే సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, మీలో సగం మంది చెవులు మెలిపెట్టినదాన్ని కాబట్టి, కాసేపు గమ్మున కూర్చుని వినే అలవాటు మీకింకా ఉండాదనుకుంటాను.

నా మనవరాలి ఈడు పిల్ల చైత్ర. తుమకూరు నుంచి మన బలసముద్రానికొచ్చి మా మిద్దె మీద తెల్లటి యాంటెనా పెట్టిన రోజే, ఉపగ్రహాల సంకేతాలు భూమిని చేరేలోపు అయనోస్ఫియరు అనే పై పొరలో ఎట్లా వణుకుతాయో, పొద్దు గూకినాక ఆ వణుకు ఎందుకు ముదురుతుందో పరిశోధిస్తానని మీకు విడమరచి చెప్పింది. మీరు విన్నది 'సిగ్నల్' అనే ఒక్క మాట. ఇక ఫోన్లు పట్టుకుని మా మెట్లెక్కడం మొదలు. దొడ్డన్నా, తల దించుకోవద్దు, గొర్రెల దొడ్డి దగ్గర టవర్ రాలేదని ఆ పిల్లతో వాదం పెట్టుకున్నది నువ్వే కదప్పా. (నవ్వులు) ఆమె విసుక్కోకుండా, "మీ సిగ్నల్ వేరే, నా సిగ్నల్ వేరే అన్నా" అని ఊరంతటికీ నేర్పింది. మీరు నా పాఠాలేవీ అంత బాగా నేర్చుకోలేదు. అదే కొంప ముంచింది.

మొన్న ఎండాకాలం సోలార్ ప్లాంటువాళ్ళ కొత్త కంచెకు హద్దులు కొలవడానికొచ్చిన సర్వేయరు, పగటి ఎండకు తాళలేక, పొద్దు గూకినాక జీపు లైట్ల వెలుగులో పని పెట్టుకున్నాడు. ఉపగ్రహాలను పట్టి హద్దు చెప్పే మిషను అతనిది. సుంకమ్మ చేను దగ్గర అది మొరాయించింది. "సిగ్నల్ ఊగులాడతా ఉండాదే" అని అతను గొణుక్కుంటుంటే, చుట్టూ నిలబడిన మీలో ఒకరైనా ఊళ్ళోనే ఉండే చైత్రను పిలిచినారా? ఆమె సిగ్నల్ వేరే కదా. మిషను చూపిన చోటే రాయి పాతినాడు. కంచె లేచింది. సుంకమ్మ బోరు అవతల, సుంకమ్మ ఇవతల.

సంగతి తెలిసి చైత్ర పట్టపగలు మళ్ళీ కొలిచి, రాయి తప్పుచోట ఉందని తేల్చి, సర్వే ఆఫీసుకు వెళ్ళి చెప్పింది. వాళ్ళు విన్నారు, టీ ఇచ్చారు, విచారణ వచ్చే నెలకు పెట్టారు. ఇంతలో ఈమె పరిశోధన ముగిసిందని పైనుంచి ఉత్తర్వు. రేపు యాంటెనా దించుతారు, ఈమెను ఎక్కడో దూరపు కేంద్రానికి పంపుతారు. విచారణ కోసం తిరిగి పంపేది లేదని ముందే చెప్పేశారు.

మనం శాలువా కప్పినాం, పండ్లు ఇచ్చినాం. అదిగో, వెనక గోడకు ఆనుకుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతున్నది సుంకమ్మే. విచారణలో నేనే మాట్లాడతాను. మీరు నా పాఠం విన్నట్టే వాళ్ళూ వింటారు.

అమ్మా చైత్రా, ఈ ఊరికి నువ్వు చేసినదానికి ధన్యవాదాలు. రేపు బస్సెక్కేటప్పుడు "పోయొస్తా" అంటావు. కదిలేవాళ్ళు పోతానని అనకూడదని నీకు నేర్పింది నేనే. మాతో అను, ఫరవాలేదు, అది మర్యాద మాటని మాకు తెలుసు. సుంకమ్మతో మాత్రం అనొద్దు. ఆమె నమ్మి, విచారణ రోజు పొద్దున్నే పోయి బస్టాండులో కూర్చుంటుంది. ఆమెతో "పోతున్నా" అనే చెప్పు తల్లీ.

ఇంతసేపు ఓర్చుకున్న మీకందరికీ కృతజ్ఞతలు. నాకిక సెలవు.