కోట మలుపు దగ్గర రెండు నిమిషాలు

ఇంటి ముందు వసారా. గుమ్మం పక్కన గుడ్డ కప్పిన కొత్త మోటారు సైకిలు. చాప మీద ఇద్దరు: నాలుగు నెలల కిందట రిటైరయిన బస్సు డ్రైవరు, ఇరవై రెండేళ్ళు అతని బస్సులోనే కండక్టరుగా తిరిగిన బావమరిది. లోపల వంటింట్లో డ్రైవరు భార్య; కండక్టరుకి అక్క, ఊరి ఆసుపత్రిలో ఆయా.

"మళ్ళీ రెండు నిమిషాలేనా బావా?"

"కోట మలుపుకి రెండు చాలు."

"కోట చూడ్డానికి రెండు నిమిషాలా?"

"ఎప్పుడూ అంతేగా ఆగేది."

"అది బస్సు! బస్సు బావా అది! దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, నేను రైట్ అంటాను, నువ్వు కదిలిస్తావు. ఇప్పుడు దిగేది మనమే. మనం దిగాక రైట్ అని ఎవరితో అనాలి?"

"సరే, కొట్టేసి రాసుకో. మూడు."

"మూడా!"

"అరవకు. లోపల మీ అక్క ఉంది."

"అరవక? పది రోజుల సెలవు. నాలుగుసార్లు అర్జీ పెడితే ఇచ్చారు. అందులో మూడు రోజులు ఈ చాప మీదే అయిపోయాయి. మిగిలింది ఏడు. రేపు పొద్దున కదిలితేనే అన్నిచోట్లా ఆగి చూస్తూ సముద్రం దాకా వెళ్ళి రాగలం. రేపు కదల్లేదా, ఇంక లేదు. మళ్ళీ సెలవడిగితే మేనేజరు కుర్చీ ఎత్తి కొడతాడు."

"అందుకే ప్లాను సరిగ్గా ఉండాలంటున్నా."

"ప్లాను తప్ప ఇంకేముందిక్కడ? ఇది నాలుగో కాగితం. ఏదీ, ఇటివ్వు. నేను చదువుతా, నువ్వే విను. ఆరు గంటలకి బయల్దేరుట. ఆరూ నలభై, రాతి వంతెన, ఒక నిమిషం. ఏడూ ఇరవై, పెట్రోలు బంకు, ఇరవై నిమిషాలు. బంకుకి ఇరవై! నాలుగొందల ఏళ్ళ వంతెనకి ఒకటి!"

"బంకు దగ్గర వరస ఉంటుంది. వంతెన దగ్గర ఏముంటుంది?"

"వంతెన ఉంటుంది!"

"దాన్ని దాటుతూనే చూస్తాం కదరా."

"నువ్వు చూశావా? ఇన్నేళ్ళు దాటావు. ఎన్ని కమానులున్నాయి దానికి?"

"కమానులు తెలీదు. మధ్యలో ఒక అతుకు ఉంది. ముందు చక్రం దాని మీద పడితే స్టీరింగు ఎడమకి గుంజుతుంది."

"జలపాతం?"

"తడి రోడ్డు. బ్రేకు మీద కాలు ఆనించకూడదు."

"కోట?"

"సెకండు గేరు. కుడి పక్క తుమ్మకొమ్మ ఒకటి, అద్దానికి గీసుకుంటుంది. కొట్టించమని ఎన్నిసార్లు రాసిచ్చానో."

"అదీ సంగతి. నువ్వు చూసింది తుమ్మకొమ్మ."

"నువ్వేం చూశావు పెద్ద?"

"నేనేం చూడలేదు బావా. అదేగా నా ఏడుపు! అద్దానికి వీపు పెట్టి, జనం మొహాలు చూస్తూ నిలబడ్డాను. కోటా, కోటా, కోట దిగేవాళ్ళు ముందుకి రండీ అని గొంతు పోయేట్టు అరిచాను. ఎక్కడుంది కోట? ఒక బోర్డు, ఒక టీ కొట్టు. పదేళ్ళ కిందట ఒక పెద్దావిడ దిగుతూ దిగుతూ అడిగింది, లోపల ఏముంది నాయనా అని. చూసి చెప్తానమ్మా అన్నాను. చూసి చెప్తానన్నాను బావా. ఆవిడ నన్ను నమ్మేసి తల కూడా ఊపింది."

"ఆవిడ ఈపాటికి చూసేసుంటుందిలే."

"నేను చూడలేదు!"

"టీ తాగుతారా, లేకపోతే దానికీ నిమిషాలు రాసుకోవాలా?"

"అక్కా, నువ్వయినా చెప్పవే ఈయనకి. రేపు బయల్దేరమను."

"నన్నడుగుతావేంరా తమ్ముడూ? మీ రూటు, మీ కాగితం, మీ చాప. మూడు రోజుల్నించీ ఆ చాప కింద ఊడవనివ్వలేదు మీరు. టీ గుమ్మం మీద పెడుతున్నా. చూసుకోండి, తన్నేయకండి."

"చూడు బావా, నేను అడుగుతా, నువ్వు జవాబు చెప్పు. టైర్లు?"

"కొత్తవే."

"గొలుసు?"

"నూనె వేశాను. నాలుగుసార్లు."

"హెల్మెట్లు?"

"రెండున్నాయి."

"వాన?"

"పడదంటున్నారు. కానీ పడితే..."

"పడితే చెట్టుకింద ఆగుదాం. వానకి కూడా రెండు నిమిషాలు రాసుకో. ఇంకేం అడ్డం?"

"గాలి."

"గాలా?"

"ఎదురుగాలి. కొండ ఘాటు రోడ్డు దిగేప్పుడు కొడుతుంది. బస్సు బరువుగా ఉంటుంది కాబట్టి తెలీదు. దీనికి తెలుస్తుంది."

"మెల్లగా పోదాం."

"మెల్లగా పోతే మరీ కష్టం."

"ఏం కష్టం? మెల్లగా పోతే కష్టమేంటి బావా? నీ మాటలు నాకే అర్థం కావట్లేదు. ఆ రోజు క్యాంటీనులో బల్ల గుద్ది చెప్పావు. రిటైరైన మర్నాడే మోటారు సైకిలెక్కుతాను, ఈ రూటంతా గాలి తాగుతూ తిరుగుతాను అని. ముప్పై మంది విన్నారు. అందుకే కదా అందరూ చందాలేసుకుని ఈ బండి ఇచ్చింది."

"చందాలేసుకోమని నేను చెప్పలేదు."

"నేను చెప్పాను! వాళ్ళు గోడ గడియారం ఇద్దామన్నారు. గడియారం ఏం చేసుకుంటాడు, కాళ్ళకింద రోడ్డు లేకపోతే మా బావకి నిద్ర పట్టదు, మోటారు సైకిలివ్వండి అని నేనే పట్టుబట్టాను."

"గడియారమైతే బాగుండేది."

"ఏంటీ?"

"ఏం లేదు. టీ తాగు, చల్లారిపోతోంది."

"ఏదో అన్నావు."

"గడియారమైతే మేకుకి తగిలిస్తే అయిపోయేది అన్నాను."

"నీకు రావడం ఇష్టం లేదు. ఆ ముక్క చెప్పెయ్. ఇష్టం లేదని చెప్పెయ్, లేచి ఇంటికి పోతాను, మిగిలిన ఏడు రోజులూ పడుకుంటాను."

"ఇష్టం లేదని ఎవరన్నారు? ఆ సముద్రం దగ్గర రాత్రి హాల్టు ఎన్నిసార్లు చేశాం? బస్సు పైకప్పు మీద పడుకుంటే దీపస్తంభం వెలుగు మొహం మీద నించి పోయేది. పోయేది, మళ్ళీ వచ్చేది. పొద్దున్నే అయిదింటికి బండి తియ్యాలి కాబట్టి ఒక్కసారీ అటు నడవలేదు. మూడు కిలోమీటర్లు కూడా లేదు. నాకు ఇష్టం లేదా?"

"మరయితే రేపు ఆరింటికి."

"రేపంటే..."

"రేపంటే రేపే!"

"సరే. రేపు. కానీ ఒక మాట. ఊరు దాటేదాకా నువ్వు నడుపు."

"నేనా?"

"ఊళ్ళో జనం అడ్డం వస్తారు. నువ్వు కుర్రాడివి, చూపు బాగా ఆనుతుంది."

"నాకు యాభై రెండు బావా. కుర్రాణ్ణా నేను? బండి నీది, నువ్వే నడుపు. ఊరు దాటాక చూద్దాం."

"ఊరు దాటాక ఘాటు. ఘాటులో కూడా నువ్వే నయం."

"ఘాటులో నేనేంటి! ఆ మలుపులన్నీ నీకు కళ్ళు మూసుకున్నా తెలుసు."

"మలుపులు తెలుసు కాబట్టే వెనక కూర్చుని చెప్తాను. ఎడమ, కుడి, గేరు అని. నేను చెప్పినట్టు నువ్వు తిప్పడమే."

"లేదు లేదు. వెనక నేను కూర్చుంటాను. వెనక ఉండడం నాకు అలవాటు."

"అలవాటు మార్చుకో."

"ఈ వయసులోనా?"

"మూడు రోజుల్నించీ నా ప్రాణం తోడేశావు పోదాం పోదాం అని. హ్యాండిల్ పట్టుకోమనేసరికి అలవాటా?"

"నీ పేరు చెబితే డిపోలో మెకానిక్కులు లేచి నిలబడేవాళ్ళు. ఆ చేతుల్లో హ్యాండిల్ ఉండగా నేను పట్టుకోవడమేంటి? నవ్వరూ!"

"నవ్వనీ."

"బావా, ఇటు చూడు. మొహం తిప్పకు. ఈ నాలుగు నెలల్లో దీన్ని ఎన్నిసార్లు బయటికి తీశావు?"

"తుడుస్తున్నాను. రోజూ తుడుస్తున్నాను."

"తుడవడం కాదు. తీశావా?"

"ఒకసారి. తెల్లవారుజామున, బడి మైదానానికి తోసుకెళ్ళాను."

"తోసుకెళ్ళావా?"

"తోసుకెళ్ళాను, తోసుకొచ్చాను. మధ్యలో నా మీద పడింది. మోకాలు గీరుకుంది. మీ అక్కకి నీళ్ళగదిలో జారానని చెప్పాను. చెప్పకు."

"అంటే?"

"అంటే ఏంట్రా, నా నోటితోనే చెప్పించాలా? నాకు రాదు."

"ఏది రాదు?"

"అదే. ఆ రెండు చక్రాలది."

"నువ్వు లారీ నడిపావు, బస్సు నడిపావు, ట్రాక్టరు నడిపావు. ఓసారి డ్రైవరు రాకపోతే రోడ్డు రోలరు నడిపావు!"

"అవన్నీ ఆపితే నిలబడతాయిరా. ఇది ఆపితే పడిపోతుంది."

"అయ్యో బావా."

"నవ్వకు."

"నవ్వట్లేదు. నాకు నవ్వు రావట్లేదు. మరి క్యాంటీనులో ఆ గొప్పలేంటి?"

"ఎవడో రిటైరయ్యాక ఇంట్లో పడుకుంటావు అన్నాడు. నోరు జారింది. మర్చిపోతారులే అనుకున్నాను. దండలేసి తాళం చెవి చేతిలో పెడతారని ఎవడికి తెలుసు? సరే, అయిందేదో అయింది. నువ్వు నడుపు. మొత్తం నువ్వే నడుపు. నేను వెనక కూర్చుంటాను, కాగితం చింపేస్తాను, కోట దగ్గర సాయంత్రం దాకా కూర్చుందాం. సరేనా? ఇప్పుడు సంతోషమేనా? ఒరేయ్, నీ మొహం అలా పెట్టావేంటి?"

"నాకూ రాదు బావా."

"నీకు రాకపోవడమేంటి? నీ పెళ్ళి ఫోటోలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బండి మీద కూర్చున్నావు కదా! మీ ఇంట్లో గోడకి ఇప్పటికీ ఉంది!"

"ఆ బండి ఫోటో కొట్టువాడిది. స్టాండు మీదుంది."

"ఛీ!"

"నిన్ను నమ్ముకుని సెలవు పెట్టాను."

"నిన్ను నమ్ముకుని నేను సరే అన్నాను!"

"మూడు రోజులు... మూడు రోజులు బావా. టైర్లు, గొలుసు, ఎదురుగాలి! మొదటి రోజే రాదని ఒక్క ముక్క చెప్పుంటే..."

"నువ్వు చెప్పావా?"

"బండి నీది!"

"ప్రయాణం నీది! ఆగు. ఆగాగు. నీకు రాదంటే, ఇది డిపో నించి ఇక్కడికి ఎలా వచ్చింది?"

"నువ్వే కదా నడుపుకొచ్చావు?"

"నన్ను వ్యానులో పంపారు. మెడ నిండా దండలు. వచ్చీ రాగానే నిద్రపోయాను. పొద్దున లేచేసరికి గుమ్మం ముందుంది. నువ్వు తెచ్చి పెట్టావనుకున్నాను."

"నేను ఆ సాయంత్రమే డ్యూటీ ఎక్కానుగా. సముద్రం దగ్గర హాల్టులో ఉన్నాను."

"మరెవరు తెచ్చారు?"

"కాళ్ళు తీయండి ఇద్దరూ. గ్లాసులు తీసుకోవాలి."

"అక్కా, ఈ బండి డిపో నించి ఎవరు తెచ్చారు?"

"నేను."

"తోయించుకొచ్చావా?"

"ఆరు కిలోమీటర్లు తోయిస్తానా? గేటు మూసేస్తున్నాను, బండి తీయించండి అని వాచ్‌మన్ ఫోను చేశాడు. ఈయన్ని లేపితే దండలతో సహా అటు తిరిగి పడుకున్నారు. వెళ్ళాను, ఎక్కాను, వచ్చాను."

"నీకు... నీకు మోటారు సైకిలు వచ్చా?"

"మా ఆసుపత్రి నర్సమ్మకి చెయ్యి విరగలేదూ ఆరేళ్ళ కిందట? అప్పట్నించీ మందుల పెట్టె పద్నాలుగు ఊళ్ళకి ఎలా చేరుతోందనుకున్నారు?"

"ఆటోలో అనుకున్నాను."

"ఆ దారిలో ఆటో పోతుందా? పెద్ద డ్రైవరుగారూ, మీకు తెలీదా ఆ రోడ్డు? నర్సమ్మ వెనక కూర్చుంటుంది, ఆసుపత్రి బండి నేను తోలతాను. మీ ఇద్దరికీ తప్ప ఊరందరికీ తెలుసు. మీరిద్దరూ ఎప్పుడూ రోడ్డు మీదే కదా, ఇంటి సంగతులు మీకేం తెలుస్తాయి."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే మీరు నేర్పడం మొదలెడతారు."

"అక్కా, లైసెన్సు?"

"బీరువాలో ఉంది. ఈయన లైసెన్సు కిందే. ఆరేళ్ళలో ఒక్కసారీ ఎత్తి చూసుకోలేదు. ఏదీ, ఆ కాగితం ఇటివ్వండి. కోటకి మూడు నిమిషాలా? సిగ్గు లేకపోతే సరి."

"ఏయ్, చింపకు! మూడు రోజులు కూర్చుని రాశాం..."

"చింపాను. ఆసుపత్రిలో వారం సెలవడిగితే ఎదురు మాట్లాడకుండా ఇచ్చారు, నిన్ననే. మీరిద్దరూ ఎప్పుడు తేలుస్తారా అని చూస్తున్నాను. ఇంక నా వల్ల కాదు. రేపు ఆరింటికి నేను పోతున్నాను. తమ్ముడూ, సెలవు నీది, రేపు దాటితే నీకు లేదు. వెనక నువ్వెక్కు."

"నిజంగానా అక్కా?"

"మరి నేను? బండి నాది! నేనేం చేయను ఇక్కడ?"

"మీరు ఇక్కడెందుకుంటారు? ఆరింటికే మీ బస్సుంది. టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చోండి. కోట దగ్గర దిగండి, మేం అక్కడ ఉంటాం."