లైటుకు పెట్టిన బొట్టు

ఆగాగు, గోరుతో గీకకే దాన్ని! సంయుక్తా, నీకే చెప్పేది. అటక మీంచి దింపావు, బూజు దులిపావు, బాగానే ఉంది. ఆ లైటు నెత్తిన అంటుకున్న మెరూన్ బిళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు. ఏంటీ, సెన్సార్‌కి అడ్డంగా ఉందా? ఉండనీ. అడ్డంగా ఉండాలనే పెట్టారు దాన్ని. ఎవరా? కూర్చో చెప్తాను. ముందు ఫొటోలు తీసేటప్పుడు లైటుకి తగిలించే ఆ తెల్ల గొడుగు పక్కన పెట్టు, నా కంట్లో పొడిచేలా ఉంది.

మీ చిన్న తాతయ్య రామబ్రహ్మం నీకు గుర్తుండడులే, నువ్వు పలక పట్టకముందే పోయాడు. మీ తాతయ్యకి సొంత తమ్ముడు, నాకు మరిది. మనిషి సన్నం. ఎంత సన్నమంటే, లైటు స్టాండు పక్కన నిలబడితే ఏది స్టాండో ఏది మరిదో తెలీక నేను స్టాండుకి కాఫీ ఇచ్చిన రోజులున్నాయి. నవ్వుతావేం, నిజం! జీడిమెట్లలో మందుల కంపెనీలో బంగారంలాంటి ఉద్యోగం. ఓ సాయంత్రం అది మానేసి చక్కా వచ్చి, కొత్తగూడలో ఫొటో స్టూడియో పెడతానన్నాడు. అప్పటి కొత్తగూడంటే ఏమనుకున్నావు, ఫ్లైఓవరా పాడా, మనుషులకంటే బండరాళ్ళే ఎక్కువ. "ఏ రాళ్ళకి తీస్తావయ్యా ఫొటోలు?" అన్నాను. "చూస్తూ ఉండండి వదినా, ఈ రాళ్ళన్నీ అద్దాల మేడలవుతాయి, ఆ మేడల్లో కూర్చునే పిల్లలందరికీ పెళ్ళిళ్ళవుతాయి, అన్నీ నేనే తీస్తాను" అన్నాడు. రాళ్ళ సంగతి నిజమే అయిందనుకో.

ఆ రోజు నుంచీ అతని భార్య సుబ్బలక్ష్మి, అదే మీ చిన్నమ్మమ్మ, అతనితో మాట మానేసింది. అరవలేదు, ఏడవలేదు. గిన్నెలతో మాట్లాడేది. "గిన్నే, అన్నం చల్లారిపోతోందని చెప్పు ఆయనగారికి." అతను మాత్రం తగ్గుతాడా, "చెంబూ, కాళ్ళు కడుక్కుంటున్నానని చెప్పు." ఆ ఇంట్లో మనుషులకంటే సామాన్లకే లోకజ్ఞానం ఎక్కువుండేది. ఆఖరికి ఒక ఒప్పందానికొచ్చారు, అదీ కుక్కరు మధ్యవర్తిత్వంతోనే. ఓబులేసుగారమ్మాయి పెళ్ళి ఒక్కటీ తీస్తాడు. ఫొటోలు బాగా వస్తే స్టూడియో. చెడిపోతే సోమవారం పొద్దున్నే జీడిమెట్ల. మేనేజరు అప్పటిదాకా కుర్చీ ఖాళీగా ఉంచుతానన్నాడట.

ఓబులేసు ప్రొద్దుటూరాయన, బిల్డరు. మీసం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండేది. "చూడప్పా, ఆల్బం గీల్బం నాకొద్దు. తాళి కట్టేటప్పుడు నా బిడ్డ మొగం కనపడల్ల. అంతే" అన్నాడు. మరిది ఛాతీ విరుచుకున్నాడు, ఛాతీ అంటూ ఉంటేగా! కొత్త లైట్లు కొన్నాడు, ఇదిగో ఇదే వాటిలో ఒకటి. దీని నెత్తిమీద కన్నుంది చూడు. కెమెరా మీది చిన్న ఫ్లాష్ వెలిగితే ఈ కన్ను చూస్తుంది, చూడగానే లైటూ వెలుగుతుంది. మధ్యలో తీగ అక్కర్లేదు. అప్పటిదాకా అందరూ కెమెరాకి తీగ కట్టుకుని తిరిగేవాళ్ళు. "గేదెలకి పలుపు కట్టినట్టు ఏంటండీ వదినా ఇది!" అని నవ్వేవాడు. అయినా తన పాత తీగ పారేయడానికి మనసొప్పక సంచీ అడుగున పడేసుకున్నాడు.

పెళ్ళికొచ్చారమ్మా, పెళ్ళికొడుకు స్నేహితులు, హైటెక్ సిటీలో పనిచేసే కుర్రాళ్ళు, యాభైవేల మంది! సరే, నలభై అనుకో. ఒక్కొక్కడి చేతిలో అరచేయంత కొత్త డిజిటల్ కెమెరా. నితీష్ అని ఒకడు మరీనూ, "అంకుల్, జర జరగండి" అంటూ మండపం ఎక్కేశాడు. వాడు నొక్కితే తళుక్కు, ఇంకొకడు నొక్కితే తళుక్కు. వాళ్ళ తళుకు తళుక్కీ మన లైటు కన్ను చూసి, పిలవకపోయినా పలికినట్టు టప్పుమని వెలిగేది. ఊళ్ళో కోళ్ళన్నీ తెల్లారిందనుకుని కూశాయి. ఒకసారి వెలిగితే మళ్ళీ నిండటానికి లైటుకి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి కావాలి కదా. తీరా మనవాడు నొక్కేసరికి అది ఖాళీ! కెమెరా వెనక తెర మీద చూస్తే పెళ్ళికూతురి ముక్కుపుడక తప్ప ఏమీ లేదు. "ఏమప్పా, నీ లైటుకు దెయ్యం గానీ పట్టిందా?" అన్నాడు ఓబులేసు, మీసం ఆడించి.

అప్పుడు తెలిసింది రామబ్రహ్మానికి. తను కొనుక్కున్న కన్ను తన ఒక్కడినే చూడదు, అందర్నీ చూస్తుంది. సంచీ బోర్లించి పాత తీగ లాగి కెమెరాకీ ఈ లైటుకీ కట్టాడు. కానీ తీగ కట్టినా కన్ను తెరిచే ఉంటుందే! "వదినా, దాని కన్ను మూయండి, ఏదో ఒకటి అంటించండి!" అని అరుస్తున్నాడు. టేపు చూస్తే పూలదండలు అంటించిన వాళ్ళు మొత్తం ఊడ్చేశారు. నేను కొంగు అడ్డం పెట్టాను. "ఫ్రేములోకొస్తున్నారు వదినా, తప్పుకోండి!" అన్నాడు. మరి అంత అందమైనదాన్ని రాకుండా ఎలా ఉంటాను? అంతలో పంతులుగారు "గట్టిమేళం!" అనేశారు. పెళ్ళికొడుకు తాళి ఎత్తాడు. రామబ్రహ్మం మొహంలో జీడిమెట్ల బస్సు కనిపించింది నాకు, నంబరుతో సహా.

లైటు పక్కనే అక్షింతలు పట్టుకుని నిలబడి ఉంది సుబ్బలక్ష్మి. అక్షింతలు నా చేతిలో పోసింది. నుదుటి మీద బొట్టు బిళ్ళ, ఇంత పెద్దది, పీకి ఆ కంటికి అంటించేసింది. మా అత్తగారు గుండెలు బాదుకుంది, "ఏమేవ్ సుబ్బులూ! శుభమా అని అక్కడ తాళి కడుతుంటే ఇక్కడ బొట్టు తీస్తావుటే!" ఆవిడ గొంతు బాచుపల్లి దాకా వినపడింది. సుబ్బలక్ష్మి ఇటు చూడనేలేదు. "నొక్కండి" అంది. గిన్నెతో కాదమ్మా. చెంబుతో కాదు. అతనితో.

నొక్కాడు. ఆ పిల్ల మొహం ఎలా వచ్చిందంటే, ఓబులేసు ఆ ఫొటో చూసి మీసం తడుపుకున్నాడు. జీడిమెట్లలో ఆ కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉందని నా అనుమానం. తర్వాత రామబ్రహ్మం ఆ బిళ్ళ తీయలేదు. చక్కగా పలుపు కట్టుకునే పెళ్ళిళ్ళన్నీ తీశాడు. ఎవరైనా నవ్వితే, "మా ఆవిడ దిష్టి తీసిన లైటండీ ఇది" అనేవాడు.

పోయాడు మరి, గుండె. చెట్టంత మనిషి... సన్నటి చెట్టనుకో. పదో రోజు ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు, బొట్టు తీయాలమ్మా అని. సుబ్బలక్ష్మి లేచి లోపలికెళ్ళి ఈ లైటు తెచ్చి వాళ్ళ మధ్య పెట్టింది. "నా బొట్టు ఎప్పుడో తీసి ఆయన లైటు కంటికి పెట్టాను. ముందు దీన్ని తీయండి. తర్వాత నా దగ్గరికి రండి" అంది. ఒక్కరి చెయ్యీ లేవలేదు. మా అత్తగారే, ఆ రోజు గుండెలు బాదుకున్నావిడే, కళ్ళొత్తుకుని, "లేవండమ్మా, విస్తళ్ళు వేశారు" అంది. ఇక ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. సుబ్బలక్ష్మి పోయేదాకా ఇంత బొట్టు పెట్టుకునే ఉంది.

అదీ... 

ఏంటలా చూస్తావు? తీగా కన్నూ లేకుండానే లైటు వెలిగిస్తుందన్నావే, ఆ నీ కొత్త రేడియో ట్రిగ్గరుకి ఈ కన్నుతో పనుందా? లేదూ? మరింకేం. ఇటు తే ఆ గొడుగు, నేను పట్టుకుంటాను.