ప్లాట్ల రాళ్లు

బచ్చన్నపేట నుంచి జనగామ వెళ్లే బస్సులో, నా వెనక సీట్లో గొర్లు కాసే అవ్వ, భూసంరక్షణ సంస్థలో పనిచేసే అమ్మాయి మాట్లాడుకుంటున్నారు.

"అవ్వా, మన ఊరి గొర్లు మేసే బంచరాయిల ప్లాట్లు చేసినాయన ఫోన్ చేసిండు."

"ఇంకేం కావాల్నట? కొట్లాడి గెలిస్తిమి. ఊరి మేతకేనని ఆర్డరచ్చె. మా ముసలోడు గొర్లను గూడ తోలిండు."

"ఆయన పాతిన హద్దురాళ్లు వాపస్ ఇయ్యాల్నట."

"ఎక్కడియి బిడ్డా? ఊరంత కలిసి పీకి, వొర్రెకు అడ్డం కట్ట పేర్చినం గదా! నీళ్లు ఆగితెనే గడ్డి మొలుస్తదని మీ సంస్థోళ్లే చెప్పిరి."

"నేనూ మోసిన గదా, భుజం ఇంకా నొస్తుంది. రేపు లారీ పంపుతడట. ఏం చెప్పాలె?"

"రేపెందుకు? వానలు పడ్డంక ఆయిననే రమ్మను. ఈతొస్తదా అని గూడ అడుగు."