మూడు బస్తాల దానిమ్మ తొక్కలు

మా ఖోరెజ్మ్ సీమలో రెండింటికి కరువు లేదు: నేలలో ఉప్పుకి, రోజ్మత్ మామ నోట్లో కోతలకి. ఆ పొద్దు టీకొట్టు బల్ల మీద మఠం వేసుకుని ఆయన మొదలుపెట్టేసరికి, మత్కరీం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతని చేలో పత్తి మొలక ఉప్పుకి రెండుసార్లు చచ్చింది. పాలిచ్చే ఆవుని ఇచ్చేసి తెచ్చుకున్న మూడో విడత విత్తనం వేసి పన్నెండు రోజులైంది. ఆదివారం పై అధికారులు చేను చూడ్డానికొస్తారు. పచ్చగా కనబడకపోతే కౌలు ఇంకొకరికి పోతుంది.

"నేను పెద్దగా చేసిందేం లేదర్రా," అన్నాడు మామ. "నిరుడు దానిమ్మ తొక్కలు కాచి, ఆ వగరు నీళ్లలో పత్తి గింజలు ఒక రాత్రి నానేశాను, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో రోజుకే మొలక! ఉప్పు నేలలో! ఆ వగరు ఒంటబట్టిన మొక్కకి ఉప్పంటే లెక్కేంటి? తాగి, ఆకుల మీద ఉమ్మేసేది. మా ఆవిడ అది దులిపి పలావులో వేసేది."

"ఏడాదంతానా?" అన్నాను నేను.

"నీ పెళ్లిక్కూడా దాచాం, నోర్ముయ్. ఇక పురుగంటావా, ఒక్క కొరుకు కొరికి, పళ్లూడి, మా గుమ్మం ముందు కూర్చుని ఏడ్చింది. మిడతల దండు వాసన చూసి, అత్తగారు ఎదురొచ్చినట్టు వెనక్కి తిరిగింది. మరి మొలకలా! ఒకదానికి ఒంటెని కట్టేస్తే, ఒంటె అలిసిపోయింది గానీ మొలక వంగలేదు!"

"తొక్కలెన్ని వేశావు మామా?" మత్కరీం అడిగాడు.

"మూడు బస్తాలు! కళాయిలో గరిటె నిలబడేంత చిక్కగా!"

"మార్చిలో ఒక బస్తా అన్నావు."

"అంటే అన్నాన్లే, ఏం?"

"నేనూ బస్తా వేశాను. అంత చిక్కగానే కాచాను." మత్కరీం నడుముకి కట్టుకున్న రుమాలు విప్పి బల్ల మీద పరిచాడు. "ఇవాళ తవ్వి చూశాను."

పది పన్నెండు గింజలు. పగిలాయి గానీ, వేరు మొన బయటికొచ్చిన చోటే నల్లగా మాడి ఆగిపోయింది. ఒక్కటీ బతికి లేదు.

మామ ఒక గింజని వేళ్ల మధ్య నలిపాడు. పొడి రాలింది.

"నిజంగా ఎన్ని మామా?" అన్నాడు మత్కరీం.

"పిడికెడు," అన్నాడు మామ. "బానెడు నీళ్లకి పిడికెడేరా. మాకు మొలిచిందీ నాలుగు సాళ్లే. పిడికెడంటే ఎవరు వింటారని..."

మత్కరీం గింజలన్నీ ఏరి మళ్లీ రుమాల్లో మూట కట్టాడు.

"నేను వినేవాణ్ణి మామా."