కుడిచేతి దీవెన

2001 సెప్టెంబరు 8వ తేదీన జెద్దాలోని మా చిత్రసంగ్రహాలయంలో ఛాయాచిత్ర విభాగ సహాయకులుగా చేరిన జనాబ్ మస్తాన్ వలీ గారు, ఈ నెలాఖరున ప్రచురణ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ప్రొద్దుటూరులో పెళ్లిళ్లకు ఫొటోలు తీసిన చేతులతోనే ఇక్కడి ప్రాచీన చిత్రాలను ఛాయాబద్ధం చేస్తూ, క్రమంగా మా సూచీగ్రంథాలన్నింటికీ వారు బాధ్యత వహించారు. వారి సహనం లోకప్రసిద్ధం. మధ్యాహ్నం టీ ఆలస్యమైతే మాత్రం ఆ సహనం ఎక్కడికి పోతుందో మాలో ఎవరికీ తెలియదు.

2017లో విభాగాధిపతులైన కొద్దికాలానికే వారికి అసలు పరీక్ష ఎదురైంది. నాలుగు శతాబ్దాల నాటి ఇటలీ చిత్రమొకటి మా వద్ద ఉన్నది. రాగిరేకుపై ఆమ్లంతో గీతలు దింపి, కాగితంపై అచ్చు తీసిన చిత్రం. మర్యమ్ ఒడిలో బాల ఈసా, అంటే మేరీమాత ఒడిలో బాలయేసు. సంతకం లేదు. అది ఒక మహాచిత్రకారుని స్వహస్త రచనా, ఆయన శిష్యుని పనా అన్నది పండితుల వివాదం. మా అరబీ సూచీగ్రంథం చూసిన రోమ్ పండితుడొకరు, "బాలుడు ఎడమచేత దీవిస్తున్నాడు. అచ్చును చూసి మరొకరు రేకుపై గీసిన నకలులోనే బొమ్మ ఇలా తిరగబడుతుంది" అని తేల్చివేశారు. రానున్న ప్రదర్శన నుండి ఆ చిత్రాన్ని తొలగించడానికి యాజమాన్యం సిద్ధపడింది.

వలీ గారు సొరుగు తెరిచి అసలు చిత్రాన్ని బయటకు తీశారు. పక్కన నేనూ, పుటల రూపకల్పనకు కొత్తగా చేరిన హైదరాబాదు ఆడపడుచు ఆస్మా గారూ ఉన్నాము.

"చూడు జనార్దనూ, బిడ్డ కుడిచేత్తోనే కదప్పా దీవిస్తాండాడు!"

ఆస్మా గారి ముఖం పాలిపోయింది. ఇంగ్లీషు పుటను అరబీకి మార్చేటప్పుడు అమరికంతా కుడి నుండి ఎడమకు తిప్పుతాము. దానితోపాటు బొమ్మ కూడా తిరగబడిపోయింది. రెండు దిక్కుల నుండి చదివే పుస్తకాలు వేసే మా బోటివారికి తప్ప ఇటువంటి ఘనకార్యం మరెవరికి సాధ్యం!

"నా నౌకరీ పోయింది సార్. అమ్మీని తీస్కొని ఎగ్జిట్ వీసా మీద ఇంటికి పోవుడే ఇగ" అన్నారామె.

ఆమె భయం నిజమే. తప్పు చేసినవారిని పంపివేయాలని పైనుండి ఆదేశం వచ్చింది. "ఆ పేజీ సరిచూసి సంతకం పెట్టింది నేనే గదా. నన్నిడిసిపెట్టి ఆ పిల్లనొక్కదాన్నే ఎట్ల పంపుతారబ్బా?" అని నాతో అని, వలీ గారు లోపలికి వెళ్లి ఆ మాటే చెప్పారు. వారి ఉద్యోగ ఒప్పందం పునరుద్ధరణకు వచ్చినది సరిగ్గా అప్పుడే. వారి ఉద్యోగం కూడా పోతుందేమోనని మేమంతా భయపడ్డాము.

సరైన ఛాయాచిత్రం చూసిన రోమ్ పండితుడు నకలన్న మాటను ఉపసంహరించుకున్నారు. యాజమాన్యం సంతోషించి ఇద్దరినీ కొనసాగించింది. వెంటనే కర్తగా ఆ మహాచిత్రకారుని పేరే రాసేయమన్నది. వలీ గారు ఒప్పుకోలేదు. "కర్త ఎవరన్నది తేలలేదు" అన్న పలకతోనే ఆ చిత్రం ప్రదర్శనకు వెళ్లింది. నేటికీ అది తేలలేదు. పరిశోధన మాత్రం ఉత్సాహంగా సాగుతున్నది.

వచ్చే నెల నుండి వారి స్థానంలో విభాగాధిపతిగా కూర్చోబోయేది ఆస్మా గారే. ఆ ఉత్తర్వు చదివి ఆమె కంటతడి పెట్టగా, వలీ గారు అన్నది ఒక్కటే: "ఇంగ నీ కింద పిల్లోళ్లను నువ్వే కాపాడుకోవల్ల తల్లీ."

సతీమణి హలీమా గారితో కలిసి వారు పూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఆ చిత్రం ఎవరి చేతిదో తేలిననాడు ఆ కబురు మొట్టమొదట వారి చెవిన వేసే భాగ్యం ఆస్మా గారికి కలగాలనీ మనసారా ప్రార్థిస్తున్నాము.

— జనార్దన్, చిత్ర పరిరక్షణ విభాగం