పిండి పొంగే గోడ

చలికాలం ఉదయం. హనుమకొండలో టిఫిన్ సెంటర్ నడిపే ఆమె, ఇడ్లీ తినడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ మెచ్చుకోగానే మురిసిపోయింది.

“అక్కా, ఇంత చలిల గూడ ఇడ్లీ దూదిలెక్క ఎట్లున్నదే?”

“ఎవ్వలకు చెప్పకు తమ్మీ. పిండి గిన్నె ఆ కరెంటు బోర్డు కింద పెడ్త. ఆడ గోడ రాత్రంత వెచ్చగుంటది.”

అతను ప్లేటు పక్కన పెట్టేశాడు.

“ఎప్పటిసంది వెచ్చగుంటాంది?”

“పెద్ద ఫ్రిజ్ కొన్నప్పటిసంది. ఫ్రిజ్ కలిసొచ్చిందనుకున్న.”

“కలిసొచ్చుడు గాదక్కా, లోపట వైరు కాలుతాంది! జల్ది మెయిన్ బంద్ చెయ్యి.”

ఆమె మెయిన్ ఆపాక అతను బోర్డు విప్పి చూస్తే, ఫ్రిజ్ లోడు మోయలేక సన్నటి వైరు నల్లగా కమిలిపోయి ఉంది.

“ఫ్రిజ్‌కు లావు వైరు వేరే గుంజుత. ఇగ గోడ సల్లగుంటది.”

“మరి పిండి పొంగకుంటే? ఇడ్లీలు రాళ్లయితయ్ గద!”

“హోటలుంటెనే గదక్కా తినేది! రాళ్లయినా రెండు ప్లేట్లు నాకు తీసిపెట్టు.”