నిల్ అని రాయి

కోరుట్ల బస్టాండు వెనక సందులో చిన్న ల్యాబు. మధ్యాహ్నం మూడు దాటింది. కౌంటరుకు ఇవతల వెంకటేశం, అవతల నాహీద్. రిపోర్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

“ఒక్క మాట రాస్తె నీదేం బోతది చెల్లె? నిల్ అని రాయి. గంతే.”

“గంతేనా? నీ మూత్రంల ప్రొటీను ఫోర్ ప్లస్ ఉన్నదన్నా. దానికి మించి మా పరీక్ష పట్టీ మీద రంగే లేదు. గదాన్ని నిల్ అని ఎట్ల రాయాలె?”

“పట్టీ పాతదేమో. ఎండకు కరాబైందేమో.”

“పట్టీ ఒక్కటే పెట్టిన్నా ఏంది? గాజు గొట్టంల పోసి పైభాగం మంట మీద పట్టిన. ఉడికిన గుడ్డు లెక్క తెల్లగ పేరుకున్నది. ఒకవేళ ఉప్పేమో అని యాసిడ్ చుక్కలేసిన. ఉప్పైతె కరుగుతది. కరగలే. ప్రొటీనే.”

“ఇంకోసారి చెయ్యి.”

“మూడు సార్లు చేసిన. నా మీద నాకే నమ్మకం లేక, మిగిలింది జగిత్యాల పెద్ద ల్యాబుకు పంపిన. గాడ మిషన్ల పెట్టి చూసిన్రు. గదే వచ్చింది.”

“నీ బాంచెన్, కాల్మొక్కుత చెల్లె. ఎల్లుండి ఏజెంటు పాస్‌పోర్టులు పట్టుకొని బొంబాయి పోతుండు. ఈడి రిపోర్టు సాఫ్ ఉంటెనే నాది బ్యాగుల పెడ్తడట.”

“ఇంకో వీసా రాదా?”

“రెండేండ్లకు వచ్చింది గిది! సిరిసిల్లల బట్ట నేసే సాంచ బందైనంక పెండ్లాం సుశీలను, బిడ్డను తోల్కొని ఈడికొచ్చి అత్తగారింట్ల పడ్డ. సుశీల పొద్దందాక బీడీలు చేస్తె నేను కూసొని తింటున్న. మస్కట్ల బట్టల కంపెనీ, సాంచ పని ఎరుకున్నోడే కావాలన్నరు. నాకెన్నడు గిట్ల కలిసొచ్చిందని?”

“మా తమ్ముడు మొహసిన్ గూడ గాడనే ఉండె. విను అన్నా. దిగినంక మళ్ల పరీక్ష చేస్తరు. గాడ దొరికితె వాపస్ తోలుతరు. నా ఉద్యోగం గూడ ఊడుతది.”

“గాడిదాక పోనియ్యి. గాడ ఏమైతె గదైతది.”

“కిడ్నీలు పోతయి. గదే అయితది.”

“ఉత్తగ బెదిరియ్యకు. నేను మంచిగనే ఉన్న.”

“బెదిరిస్తలేనన్నా. నువ్వు బట్ట నేసినోనివి గద, కిడ్నీ అంటె దగ్గర దగ్గరగ నేసిన బట్ట అనుకో. రక్తాన్ని గదే వడపోస్తది. వద్దన్న నీళ్లు కిందికి పోవాలె, ప్రొటీను పైన్నే ఆగాలె. పోగులు వదులైతె ప్రొటీను గూడ కారిపోతది.”

“కారిపోతె?”

“రక్తంల ప్రొటీను తగ్గితె నీళ్లు నరాలల్ల ఆగయి, తోలు కిందికి దిగుతయి. ఒళ్లంత ఉబ్బుతది. పొద్దుగాల లేవంగనే నీ కండ్లు ఉబ్బుతున్నయా?”

“నాకా? లేదు.”

“కాళ్లు? వేలు పెట్టి ఒత్తితె గుంట పడుతదా?”

“లేదు లేదు... సాక్సుల అచ్చు పడితె గదేనా?”

“నువ్వు సాక్సులెప్పుడు ఏసుకుంటివి? కాళ్లకు చెప్పులే సక్కగ లేవు.”

“ఊకెనే అడిగిన.”

“గదే నాకు సమజైతలేదు. గింత ప్రొటీను పోతుంటె మనిషి ఉబ్బిపోయి ఉండాలె. నీ దవడలు చూస్తె లోపలికి పోయినయి. ఇంకోటి, అండ్ల క్రియాటినిన్ మస్తు తక్కువున్నది. గది కండల నుంచి వచ్చేది. సాంచ నడిపిన మొగోనికి గింతేనా అని జగిత్యాల సార్ ఫోన్ చేసి మరీ అడిగిండు.”

“నువ్వేం జెప్పినవ్?”

“ఏం జెప్త? మనిషే సొంతంగ తెచ్చి ఇచ్చిండన్న. మొన్న పొద్దుగాల ఇంట్ల పట్టి తెచ్చినవ్ గద. సీస ఇంక గోరువెచ్చగనే ఉండె.”

“చంకల పెట్టుకొని తెచ్చిన. ఏజెంటు గట్లనే తెమ్మన్నడు.”

“ఏజెంటా? వానికేం ఎరుక?”

“అందరు గట్లనే తెస్తరట.”

“అందరెవరు? ఇడ్సిపెట్టు. గీ ఖాళీ సీస తీస్కో. గా రూంలకు పోయి మళ్ల పోసి ఇయ్యి. నీ ముంగట్నే చేస్త. ప్రొటీను రాలేదా, నా అంత సంతోషపడేటోళ్లు లేరు. నిల్ అని పెద్దగ రాస్త.”

“ఇప్పుడు రాదు.”

“నీళ్లు తాగు. అగో బాటిల్.”

“రాదన్న గద!”

“ఎందుకు కోపం? రెండు నిమిషాల పని.”

“అండ్ల షుగర్ గూడ చూస్తవా?”

“చూడకుంట ఎట్ల? నీకు షుగరున్నదా?”

“ఎవరన్నరు? నాకేం లేదు. నాకేం లేదు చెల్లె.”

“సరే, లేదు. మరి ఆ సీస అట్ల పిసుకుతవేంది?”

“ఒకటి అడుగుత. గిది... చిన్న పిల్లలకు గూడ వస్తదా?”

“ఎక్కువ పిల్లలకే వస్తది. మొఖం నిండుగైతె, పిల్ల ఒళ్లు చేసిందని ఇంట్లోళ్లు సంబరపడుతరు. గదే ఉబ్బని ఎరుక ఉండదు. జల్ది పట్టుకుంటె మందులకు తగ్గుతది.”

“జల్ది అంటె?”

“ఎంత జల్దైతె అంత మంచిది. ఊపిరి ఆడక దవాఖానకు ఉరికేదాక ఉండొద్దు. ఎందుకడుగుతున్నవ్?”

“ఏం లేదు.”

“అన్నా... అయ్యో, ఏడుస్తున్నవేంది? ఊకో. బయట జనం చూస్తున్నరు.”

“చూడనియ్యి చెల్లె.”

“కూసో ముందుగాల. వీసా కోసం గింతగనం ఆగమైతరా అన్నా?”

“వీసా...”

“నాతోని కాదు, గింత పెద్ద మనిషి ఏడుస్తె నాతోని కాదు. సరే. నిల్ రాస్త. విన్నవా? రాస్త. గాడికి పోయినంక మాత్రం ఒక మంచి డాక్టరుకు చూపెట్టుకో, ఒట్టు పెట్టు. అల్లా నన్ను మాఫ్ జెయ్యాలె. గా పెన్ను ఇటియ్యి.”

“రాయకు.”

“ఏందన్నా?”

“నిల్ రాయకు చెల్లె. వెంకటేశం అన్నది కొట్టెయ్యి. అక్షిత అని రాయి, తొమ్మిదేండ్లు. నాకు షుగరున్నదని, మొన్న పొద్దుగాల నా బిడ్డది పట్టి తెచ్చిన. ఏ దవాఖానకు తీస్కపోవాలెనో గది గూడ రాయి.”